ఖరీదైన వాచీ సర్వీసింగ్: కంపెనీకి ఇవ్వాలా, బయట చేయించాలా, పాలిష్ వద్దనాలా?

మూడేళ్ళ కిందట నవంబరులో ఒక పొద్దున ఆఫీసులో ఏసీ కింద కూర్చుని టైము చూసుకుంటే, వాచీ అద్దం లోపలివైపు, మూడు గంటల గుర్తు దగ్గర, గోరంత మేర సన్నగా ఆవిరి పట్టి ఉంది. వేలితో తుడిచాను, పోలేదు. వేలికి తడి కూడా అంటలేదు. గుండె గుభేలుమంది. 300 మీటర్లు అని డయల్ మీద రాసి ఉన్న, నీళ్ళలో మునిగేవాళ్ళ కోసం చేసే డైవర్ వాచీ అది, ఏళ్ళ తరబడి దాచుకున్న డబ్బుతో కొన్నది. ముందురోజు రాత్రి తేదీ మార్చి, పక్కనుండే కీని లోపలికి నొక్కాను గానీ మర తిప్పి బిగించలేదు. తెల్లారి వేడినీళ్ళ స్నానం ఆ వాచీతోనే చేశాను. జరిగింది అంతే.

విశాఖలో మా ఇంట్లో అందరి వాచీలూ చూసే మెకానిక్ పెద్దాయన ఒకరున్నారు. గంటలోపు ఆయన బల్ల ముందు కూర్చున్నాను. వెనక మూత విప్పి, కంటికి భూతద్దం బిగించుకుని, నీరు లోపలికి పోకుండా ఆపే ఒక నల్లటి రబ్బరు రింగు సన్నటి పట్టకారుతో తీసి తెల్ల కాగితం మీద పెట్టారు. దారంలా గుండ్రంగా ఉండాల్సిన రబ్బరు ఒకవైపు రిబ్బనులా చదునైపోయింది, కొద్దిగా వంచితే చాలు పగుళ్ళు కనిపిస్తున్నాయి. "కీ బిగించే ఉన్నా ఇది ఇంకో ఏడాది ఆగేది కాదు బాబూ" అన్నారు. మిషను బయటికి తీసి ఆరబెట్టి, రింగులు మార్చి, నీటి పరీక్ష చేసి ఇచ్చినందుకు ఆయన తీసుకున్నది రెండు వేల లోపే. అదే నీరు డయల్ మీదకు పాకి ఉంటే ఒక్క డయల్ కోసమే దానికి ఎన్నో రెట్లు పెట్టాల్సి వచ్చేది, పెట్టినా అది నా పాత డయల్ అయ్యేది కాదు.

అప్పటి నుంచి నా వాచీల విషయంలో ఒకటే లెక్క పెట్టుకున్నాను. పోతే తిరిగి తెచ్చుకోగలిగింది ఏది, తెచ్చుకోలేనిది ఏది? నూనె ఎండిపోతే మళ్ళీ వేస్తారు. రబ్బరు రింగు, స్ప్రింగు, బెల్టు, ఆఖరికి అద్దం కూడా మారుస్తారు. పాలిష్‌లో అరిగిపోయిన లోహం రాదు. పాతకాలం వాచీ అయితే కంపెనీతో వచ్చిన డయల్, ముళ్ళు పోతే రావు. కంపెనీ సర్వీసా బయటి మెకానిక్కా, ఐదేళ్ళకా పదేళ్ళకా, పాలిష్ కావాలా వద్దా అని ఎవరడిగినా నేను ఈ లెక్కలోంచే చెబుతాను.

కంపెనీయా, బయటి మెకానిక్కా

దీనికి అందరికీ ఒకే జవాబు లేదు, ముందు మీ చేతిలో ఉన్నది ఏ రకం వాచీయో తేల్చుకోండి.

వారంటీ నడుస్తుంటే చర్చే లేదు, కంపెనీకే ఇవ్వాలి. రోలెక్స్, టూడర్, ఒమేగా మూడూ ఇప్పుడు ఐదేళ్ళు ఇస్తున్నాయి. దుబాయ్‌లో కొన్నా, అమెరికా నుంచి మీ తమ్ముడు తెచ్చినా ఆ గ్యారంటీ అంతర్జాతీయం కాబట్టి ఇక్కడా చెల్లుతుంది, కాకపోతే కొన్న తేదీ ఉన్న కార్డు మీ దగ్గర ఉండాలి. పెట్టె ఎక్కడున్నా పర్వాలేదు, కార్డు మాత్రం ఇంటి కాగితాలతో పాటు దాచండి. ఈ ఐదేళ్ళలో బయట ఎవరో మూత విప్పి వేరే కంపెనీ భాగం వేశారంటే ఆ గ్యారంటీ పోయినట్టే. మన వైపు కొందరు స్టీలు వాచీ కొని చుట్టూ డైమండ్లు పొదిగించుకుంటారు. రోలెక్స్‌కి అలా చేయిస్తే గ్యారంటీ పోవడమే కాదు, తర్వాత సర్వీసుకి తీసుకెళ్ళినా కంపెనీ ముట్టుకోనంటుంది. మోజు ఉంటే చేయించుకోండి, కానీ ఆ సంగతి తెలిసి చేయించుకోండి.

వారంటీ అయిపోయాక అసలు ప్రశ్న మొదలవుతుంది. వాచీ మీద పేరు ఏదైనా లోపల ఉన్న మిషను ఏదో కనుక్కోండి. స్విస్ వాచీల్లో చాలావాటిలో ఈటా 2824, 2892, లేదంటే సెల్లిటా ఎస్‌డబ్ల్యూ 200, స్టాప్‌వాచీ కూడా ఉండే క్రోనోగ్రాఫ్ అయితే 7750 ఉంటాయి; ఈటా, సెల్లిటా అనేవి మిషన్లు తయారుచేసే కంపెనీలు. ఓరిస్, ట్యాగ్ హోయర్, పాత లాంజిన్స్ వాచీల్లో ఇవి బాగా కనిపిస్తాయి. ఈ మిషన్లు దశాబ్దాలుగా ఉన్నవి, విడిభాగాలు దొరుకుతాయి, నలభై ఏళ్ళు బల్ల ముందు కూర్చున్న మెకానిక్ వీటిని కళ్ళు మూసుకుని విప్పగలడు. వీటికి నేను బయటికే వెళ్తాను. నేను కట్టిన బిల్లులు చూసుకుంటే, అదే రకం పనికి కంపెనీలో అయిన దాంట్లో బయట మూడో వంతు కూడా కాలేదు. పైగా విప్పిన మనిషితో ఎదురుగా కూర్చుని మాట్లాడొచ్చు. ఏ పంటి చక్రం అరిగిందో, ఇరుసు తిరిగే ఏ రాయి దగ్గర నూనె నల్లబడిందో చూపించమంటే చూపిస్తారు. కంపెనీ కౌంటర్లో మీరు ఇచ్చేది రసీదు రాసే అమ్మాయి చేతికి, విప్పే మనిషి ఇంకో ఊళ్ళో ఉంటాడు.

ఒమేగా కో-ఆక్సియల్, రోలెక్స్ సొంత మిషన్లు, స్ప్రింగుతో నడుస్తూ క్వార్ట్జ్‌తో వేగం అదుపు చేసుకునే గ్రాండ్ సెయికో స్ప్రింగ్ డ్రైవ్ లాంటివైతే మాత్రం నేను కంపెనీ వైపే. బయటివాళ్ళకు చేతకాదని కాదు, చేతనైన వాళ్ళు ఉన్నారు. చిక్కల్లా విడిభాగాలతోనే. పెద్ద స్విస్ కంపెనీలు వాటిని బయటి మెకానిక్కులకు అమ్మడం దాదాపు మానేశాయి. ఎంత పనిమంతుడైనా అరిగిన భాగాన్ని ఎక్కడి నుంచి తెస్తాడు? పాత వాచీ ఒకటి విప్పి తీయాలి, లేదా నకిలీది వేయాలి, లేదా అరిగిందే శుభ్రం చేసి మళ్ళీ పెట్టాలి. మూడోదే ఎక్కువగా జరుగుతుంది, రెండేళ్ళకు వాచీ మళ్ళీ ఆగుతుంది. కో-ఆక్సియల్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. వాచీ టిక్ టిక్‌ని నడిపించే ఈ పద్ధతిని జార్జ్ డేనియల్స్ అనే ఆంగ్లేయుడు కనిపెడితే ఒమేగా 1999లో మార్కెట్లోకి తెచ్చింది. మామూలు వాచీలో పళ్ళు రాయి మీద జారుతూ రుద్దుకుంటే, ఇందులో ఎక్కువగా తోపుడుతో పని నడుస్తుంది. అందుకని నూనె వేసే చోటు, వేసే కొలత వేరు. మామూలు వాచీకి వేసిన అలవాటుతో వేస్తే పాడుచేసినట్టే.

కంపెనీ సర్వీసుకి ఐదంకెల బిల్లు వస్తుంది, క్రోనోగ్రాఫ్ అయితే ఇంకా ఎక్కువ, వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. దానికి ప్రతిగా ఒమేగా, రోలెక్స్ రెండూ చేసిన పనికి రెండేళ్ళ గ్యారంటీ ఇస్తాయి, అసలు భాగాలు వేస్తాయి, నీటి పరీక్ష చేసే పంపుతాయి. రేపు అమ్మాలనుకుంటే ఆ సర్వీస్ కాగితానికి విలువ ఉంటుంది. మొత్తం మీద మిషను కంపెనీ సొంతదైతే ఆ డబ్బు పెట్టండి.

తాతగారి వాచీ, నాన్నగారి వాచీ అయితే నా సలహా పూర్తిగా తిరగబడుతుంది. కంపెనీ దృష్టిలో సర్వీస్ అంటే వాచీని కొత్తదానిలా చేయడం. రంగు తేలిన డయల్, పసుపెక్కిన ముళ్ళు వాళ్ళకు లోపాలు, మార్చేస్తారు. మీకు అవే జ్ఞాపకాలు, కొనేవాళ్ళకు అవే విలువ. అలాంటి వాచీని పాత వాచీలంటే ప్రాణం పెట్టే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి, మిషను మాత్రమే చేయండి, పైది ఏదీ ముట్టుకోవద్దు అని చెప్పండి. కంపెనీకే ఇవ్వాల్సి వస్తే డయల్, ముళ్ళు మార్చవద్దని, ఏ భాగం మార్చినా పాతది తిరిగి ఇవ్వాలని కాగితం మీద రాయించండి. కొన్ని కంపెనీలు పాత భాగాలు ఇవ్వవు. ఆ మాట ముందే అడిగి, "ఇవ్వం" అంటే వాచీ వెనక్కి తెచ్చుకోండి.

మా నాన్నగారిది హెచ్‌ఎంటీ, రోజూ పొద్దున కాఫీ తాగాక ఇరవై సార్లు కీ ఇచ్చేవారు. సిటిజన్ సాయంతో బెంగళూరులో 1961లో మొదలై, 2016లో మూసేయాలని ప్రభుత్వం నిర్ణయించిన ఆ సంస్థ వాచీలకు ఇప్పటికీ భాగాలు దొరుకుతున్నాయి, చేసేవాళ్ళూ ఉన్నారు. అది ఖరీదైన వాచీ కాదు, కానీ మా ఇంట్లో అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకునేది అదే. ఇవాళ్టికీ నడుస్తోంది.

మంచి మెకానిక్‌ని ఎలా గుర్తుపట్టాలి అని అడుగుతారు. బల్ల చూడండి. విప్పిన భాగాలు మూత ఉన్న గిన్నెలో ఉన్నాయా, దుమ్ములో ఉన్నాయా? మూత విప్పేటప్పుడు సరైన పనిముట్టు వాడుతున్నారా, చాకు మొన పెట్టి ఎత్తుతున్నారా? టైమ్‌గ్రాఫర్ అనే చిన్న యంత్రం ఉందా? అది టిక్ టిక్ విని వాచీ రోజుకు ఎన్ని సెకన్లు ముందో వెనకో, లోపలి చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతుందో చూపిస్తుంది. పూర్తిగా కీ ఇచ్చాక బల్ల మీద వెల్లకిలా పెడితే ఆరోగ్యంగా ఉన్న వాచీ 270 నుంచి 310 డిగ్రీల మధ్య ఊగుతుంది. 200కి పడిపోయిందంటే సర్వీసుకి వచ్చినట్టే. ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఆ యంత్రంలో లిఫ్ట్ యాంగిల్ అనే అంకె ముందుగా పెట్టాలి, మామూలు మిషన్లు చాలావాటికి అది 52 దగ్గర ఉంటుంది, ఒమేగా కో-ఆక్సియల్‌కి 38. దాన్ని మార్చకుండా కో-ఆక్సియల్ వాచీ పెడితే వచ్చే డిగ్రీలు తప్పు. "లిఫ్ట్ యాంగిల్ ఎంత పెట్టారండీ?" అని మర్యాదగా అడగండి, జవాబు చెప్పే తీరులోనే ఆయనకు ఈ మిషను ఎంత తెలుసో తెలిసిపోతుంది.

ఐదేళ్ళకా, పదేళ్ళకా, ఆగినప్పుడా

కంపెనీలే ఒక మాట మీద లేవు. ఒమేగా ఐదు నుంచి ఎనిమిదేళ్ళు అంటుంది, రోలెక్స్ సుమారు పదేళ్ళు అంటుంది, గ్రాండ్ సెయికో మూడు నాలుగేళ్ళకే చేయించమంటుంది. లోపల జరిగేది ఏమిటంటే, సెకనుకు ఎనిమిది కొట్టుకునే మిషను రోజుకు 6,91,200 సార్లు కొట్టుకుంటుంది, ఐదేళ్ళకు 126 కోట్లు దాటుతుంది. అంత పనినీ కాపాడేది సూది మొనకు అంటేంత నూనె. అది చిక్కబడి, ఎండి, పక్కకు జరిగిపోతుంది. అప్పుడు లోహం లోహంతో రుద్దుకుంటుంది, వాచీ మాత్రం నడుస్తూనే ఉంటుంది, టైము కూడా బాగానే చూపిస్తుంది. "నడుస్తోంది కదా, ఎందుకు విప్పడం" అనేవాళ్ళకు నేను చెప్పేది ఇదే, నడుస్తున్నంత మాత్రాన లోపల అరగడం లేదని కాదు.

అలాగని క్యాలెండర్ చూసి విప్పించనక్కర్లేదు. నేను పాటించే పద్ధతి చెబుతాను. వారంటీ అయ్యాక ఏడాదికోసారి టైమ్‌గ్రాఫర్ మీద పెట్టించి ఊపు ఎంతుందో ఫోన్లో రాసుకుంటాను. 280, 275, 270 అని మెల్లగా దిగుతుంటే కంగారు లేదు. ఒక్క ఏడాదిలో 40 డిగ్రీలు పడిందంటే ఆ ఏడాదే సర్వీస్. రాత్రి తీసి పెట్టిన వాచీ పొద్దుటికి ఆగిపోతుంటే, మునుపు 48 గంటలు నడిచింది ఇప్పుడు 30కే ఆగుతుంటే, కీ ఇస్తుంటే ఇసుక నలిగినట్టు చేతికి తగులుతుంటే, చేయి ఊపినప్పుడు లోపల బరువు బిళ్ళ గరగర తిరుగుతుంటే, ఇంక ఏ యంత్రమూ అక్కర్లేదు.

ఒక్కదానికి మాత్రం హడలిపోకండి. నిన్నటిదాకా బాగున్న వాచీ ఉన్నట్టుండి రోజుకు ఐదు పది నిమిషాలు ముందుకు పరిగెడుతుంటే అది చాలాసార్లు నూనె సమస్య కాదు, అయస్కాంతం పట్టింది. ఫోను కవరు, టాబ్లెట్ మూత, స్పీకరు, హ్యాండ్‌బ్యాగు బటన్, అన్నిట్లో అయస్కాంతాలే. వెంట్రుకలాంటి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటే వాచీ వేగం పెరుగుతుంది. పిల్లల సైన్సు పెట్టెలో ఉండే దిక్సూచి దగ్గర వాచీ పెట్టి మెల్లగా తిప్పండి, ముల్లు గట్టిగా ఊగితే అదే కారణం. మెకానిక్ దగ్గర నిమిషంలో తీసేస్తారు, అయస్కాంతం తీసే చిన్న యంత్రం వెయ్యి రూపాయల అటూ ఇటూ ఆన్‌లైన్‌లో మీరే కొనుక్కోవచ్చు. దీనికి ఎవరైనా ఫుల్ సర్వీస్ చేయాలంటే ఇంకో షాపు చూసుకోండి. ఒమేగా కొత్త మాస్టర్ క్రోనోమీటర్ వాచీలు 15,000 గాస్ (అయస్కాంత బలానికి కొలత) దాకా తట్టుకుంటాయి, అవి ఉన్నవాళ్ళకు ఈ బాధ లేదు.

పాలిష్

ఈ ఒక్క విషయంలో నేను మొండివాణ్ణి. అడగకపోతే వద్దనే చెబుతాను, అడిగినా వద్దనే చెబుతాను.

మా మేనమామ కువైట్‌లో పనిచేసినప్పుడు కొనుక్కున్న స్విస్ వాచీ ఉండేది. పై భాగం సన్నటి గీతలతో మసకగా, పక్కలు అద్దంలా, ఆ రెండూ కలిసే చోట బెల్టు పట్టే కొమ్ముల వెంట కత్తి అంచులాంటి గీత. చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుని ఆ అంచు మీద గోరు పెట్టి లాగేవాణ్ణి. కొన్నేళ్ళ కిందట ఒకచోట సర్వీసుకిస్తే అడగకుండానే పాలిష్ చేసి ఇచ్చారు. తళతళా మెరుస్తోంది. మామయ్య కూడా మొదట సంతోషించారు. తర్వాత నేను అదే అంచు మీద గోరు పెట్టాను, ఆగలేదు, జారిపోయింది. నెల రోజులు వాడిన సబ్బు బిళ్ళలా కొమ్ములన్నీ గుండ్రమైపోయాయి, ఒకటి ఇంకోదానికంటే సన్నగా కూడా ఉంది. వాళ్ళు దురుద్దేశంతో చేయలేదు, ఎక్కువమంది అలాగే కావాలంటారు. లేజరుతో లోహం అతికి మళ్ళీ అంచు తీర్చే నిపుణులు ప్రపంచంలో ఉన్నారు గానీ, దానికయ్యే ఖర్చు, వెతుకులాట మామూలు మనిషికి అయ్యే పని కాదు.

పాలిష్ అంటే గీత పూడ్చడం అనుకుంటారు చాలామంది. గీత ఎంత లోతుందో అంత మేర చుట్టూ ఉన్న లోహాన్ని అరగదీయడం అది. రెండు మూడుసార్లు చేయించాక వాచీ ఆకారమే మారుతుంది. బంగారు పూత ఉన్నవాటికి, నల్లపూత ఉన్నవాటికి అయితే పూతే పోతుంది. చాలా కంపెనీల ఫుల్ సర్వీసులో పాలిష్ కలిపే ఉంటుంది కాబట్టి మీరు నోరు విప్పకపోతే చేసేస్తారు.

రోజూ వేసుకునే కొత్తకాలం వాచీ, ఎప్పటికీ అమ్మేది లేదు, గీతలు చూస్తే మనసు పాడవుతుంది అంటారా? పదేళ్ళకోసారి, కంపెనీలోనే, తేలికగా చేయించుకోండి, నేను కాదనను. ఇంట్లో పాలిష్ గుడ్డతో మాత్రం వద్దు. మసక ముగింపు ఉన్న చోట రుద్దితే మచ్చలు మచ్చలుగా మెరుస్తుంది, అప్పుడు దాన్ని సరిచేయడానికైనా షాపుకి పోవాల్సిందే. చైను కొక్కెం మీద గీతలు అందరికీ పడతాయి, టేబుల్ మీద చేయి ఆనిస్తాం కదా. వాటిని అలా వదిలేయండి.

నీళ్ళు

అన్నిటికంటే తక్కువ ఖర్చు, అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యం ఇక్కడే. 30 మీటర్లు అని రాసి ఉంటే ముప్ఫై మీటర్ల లోతుకు దూకమని కాదు, చేతులు కడిగితే పడే తుంపర్లకు పర్వాలేదని. ఈతకు కనీసం 100 ఉండాలి. అది కూడా వాచీ కొత్తగా ఉన్నప్పటి మాట. రబ్బరు రింగు వయసుతో గట్టిపడుతుంది, మన చెమట, ఉప్పుగాలి, సబ్బు దాన్ని ఇంకా తొందరగా తింటాయి.

నీటి పరీక్షల్లో రెండు రకాలు. పొడి పరీక్షలో గాలి ఒత్తిడి పెట్టి కేసు ఎంత నొక్కుకుందో యంత్రం కొలుస్తుంది, నీరు తగలదు కాబట్టి ఫెయిలైనా నష్టం లేదు. తడి పరీక్షలో వాచీని మూసిన గాజు గొట్టంలో నీటికి పైన వేలాడదీసి గాలి ఒత్తిడి పెంచి, తర్వాత నీటిలోకి దించి ఒత్తిడి మెల్లగా వదులుతారు, కారే చోటు ఉంటే అక్కడి నుంచి బుడగలు వస్తాయి. నా వాచీ రింగులు మార్చాక ఇదే చేశారు. నేను ఊపిరి బిగబట్టి చూస్తుంటే కీ దగ్గర ఒక్క బుడగ వచ్చింది. అది కీ కింద బయటివైపు ఇరుక్కున్న గాలి అని, లోపలిదైతే వరసగా దారంలా వస్తాయని పెద్దాయన చెప్పారు. రెండో బుడగ రాలేదు. ఎంచుకునే వీలుంటే ముందు పొడి పరీక్ష అడగండి. సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళు, ఈత కొట్టేవాళ్ళు ఏడాదికోసారి చేయించాలి, హైదరాబాదులో ఆఫీసుకి మాత్రమే పెట్టుకునేవాళ్ళకు రెండేళ్ళకోసారి చాలు. సెల్లు మార్చడానికి మూత విప్పిన ప్రతిసారీ మాత్రం తప్పనిసరి.

వేడినీళ్ళ స్నానం ఏ వాచీతోనూ వద్దు. వేడికి రబ్బరు, లోహం, అద్దం వేర్వేరుగా వ్యాకోచిస్తాయి, సబ్బునీటికి తలతన్యత తక్కువ కాబట్టి సందుల్లోకి దూరుతుంది. బీచ్‌కి వెళ్ళొస్తే కీ బిగించి ఉందో లేదో చూసుకుని మంచినీటి కుళాయి కింద కడగండి. లోపల ఆవిరి కనిపిస్తే బియ్యంలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పెట్టడం లాంటివి చేయకుండా అదే రోజు మెకానిక్ దగ్గరికి వెళ్ళండి. తుప్పు మీ ఆదివారం సెలవు కోసం ఆగదు.

బెల్టు: స్టీలు చైనో, లెదరో, రబ్బరో

మే నెలలో విజయవాడలో లెదర్ బెల్టు పెట్టుకుంటే ఆర్నెల్లకు లోపలివైపు నల్లబడి వాసన వస్తుంది, ఎంత ఖరీదైన మొసలి తోలైనా అంతే. లెదర్‌ని పెళ్ళిళ్ళకు, ఏసీ గదులకు, చలికాలానికి ఉంచండి, ఒకరోజు పెట్టుకుంటే మర్నాడు ఆరనివ్వండి. మన వాతావరణానికి స్టీలు చైనే సుఖం. దాని లింకుల మధ్య చెమట, దుమ్ము చేరి నల్లటి ముద్దలా తయారవుతుంది, అదే పిన్నులను అరగదీస్తుంది. నెలకోసారి చైను విప్పి గోరువెచ్చటి నీళ్ళు, రెండు చుక్కల లిక్విడ్ సోపు, మెత్తటి టూత్‌బ్రష్‌తో తోమి బాగా ఆరబెట్టండి. రబ్బరు మంచిదే, కాకపోతే దోమల క్రీము, సెంటు, సన్‌స్క్రీన్ తగిలితే చెడిపోతుంది, లేత రంగుదైతే వంటింట్లో పసుపు అంటిందంటే వదలదు. నేను రోజూ స్టీలు చైనుతోనే ఉంటాను.

వైండర్ కొనాలా

ఆటోమేటిక్ వాచీని తిప్పుతూ ఉంచే ఆ పెట్టె ఒకటి రెండు వాచీలున్న వాళ్ళకు అనవసరం. ఆగిన వాచీకి ఏ నష్టమూ లేదు, తీసి కీ ఇచ్చి టైము పెట్టుకోవడం అరనిమిషం పని. లీపు సంవత్సరాల దాకా గుర్తుపెట్టుకునే పర్పెచువల్ క్యాలెండర్ వాచీ ఉంటే వైండర్‌కి అర్థం ఉంది, దాన్ని మళ్ళీ సరిచేయడం నిజంగానే కష్టం. మిగతావాళ్ళు ఆ డబ్బుతో ఐదేళ్ళ నీటి పరీక్షలు చేయించుకోవచ్చు. ఆగిన వాచీలో తేదీ మార్చేటప్పుడు మాత్రం ముళ్ళను ముందు ఆరు దగ్గరికి తెచ్చి, ఆ తర్వాతే తేదీ మార్చండి. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున మూడు మధ్య చాలా మిషన్లలో తేదీ చక్రం పళ్ళు పట్టుకుని ఉంటాయి, అప్పుడు బలవంతంగా తిప్పితే పళ్ళు విరుగుతాయి.

బ్యాంకు లాకర్లో పెట్టేవాళ్ళు లెదర్ బెల్టు తీసి, వాచీని మెత్తటి గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లం వేసి, ఆ పొట్లాన్ని ఏడాదికోసారి మార్చండి. సెల్లు వాచీ అయితే సెల్లు తీయించి పెట్టండి. సెల్లుతో నడిచే కార్టియే ట్యాంక్ లాంటి లక్షల వాచీలో కూడా, లోపల అయిపోయిన చిన్న సెల్లు కారితే మిషను పాడవుతుంది. ఆగిన సెల్లు వాచీని డ్రాయర్లో పడేసి, "తీరిగ్గా చూద్దాం" అనుకున్న వాళ్ళకు ఇదే జరుగుతుంది.

సర్వీసుకి ఇచ్చే రోజు

ఇచ్చే ముందు ఫోన్లో ఫోటోలు తీసుకోండి. డయల్ దగ్గరగా, నాలుగు కొమ్ములూ విడివిడిగా, వెనక మూత మీద నంబరు, చైను కొక్కెం, పగటి వెలుతురులో. రసీదు మీద మీ ఎదురుగానే నాలుగు మాటలు రాయించండి: "పాలిష్ వద్దు. డయల్, ముళ్ళు మార్చవద్దు. మార్చిన పాత భాగాలు తిరిగి ఇవ్వాలి. నీటి పరీక్ష ఫలితం కాగితం మీద కావాలి." నోటితో చెప్పింది విప్పే మనిషి దాకా చేరదు, రాసింది వాచీతో పాటే వెళ్తుంది. తిరిగి తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే నిలబడి కీ మర సాఫీగా పడుతోందో చూడండి, తేదీ రాత్రి పన్నెండు దగ్గరే మారుతోందో ముళ్ళు తిప్పి చూడండి, అద్దం కింద దుమ్ము రేణువు ఉందేమో లైటుకి ఏటవాలుగా పట్టి చూడండి, ఫోటోలతో కొమ్ములు పోల్చుకోండి. రసీదు మీద సంతకం అవన్నీ చూశాక పెట్టండి.